తేదీ గడి ఖాళీగా ఉంటే

భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టాల నమోదు మీద పనిచేసే అమ్మాయి ఈ వారం ఒక క్వెరీ పంపింది. 2022 జూలై వరదలో గరిష్ఠ మట్టం అడిగితే 71.3 అడుగులు రావడం లేదు. ఆ అంకె ఆ ఊళ్లో పిల్లలకూ తెలుసు. ‘ఎర్రరేమీ లేదు సార్, అబద్ధం మాత్రం చెప్తోంది’ అని రాసింది.

నా పాత పాట మీకు తెలిసిందే: కోడ్ చూసి ఊహించొద్దు, అది చివరికి అల్లిన క్వెరీని బయటికి తీసి చదవండి. ఆమె అప్పటికే తీసి చదివింది! ఎంత సంతోషమేసిందో. వెతికే ఫారంలో ‘నుంచి’ గడిలో జూలై 10, ‘వరకు’ గడిలో జూలై 16. రెండూ సరిగ్గానే చేరాయి. కానీ నమోదులో తేదీతో పాటు గంటలూ ఉన్నాయి. గంట చెప్పని జూలై 16 అంటే డేటాబేస్‌కు ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి, అంతే. నది 71.3కి చేరింది 16నే. ‘17 కంటే ముందు’ అని రాయగానే అంకె వచ్చేసింది.

‘వరకు’ ఖాళీగా వదిలితే అసలు ఏమీ రాలేదు. ఆ ఖాళీ నల్‌గా వెళ్తోంది. నల్‌తో పోలిస్తే ఏ వరుసా నెగ్గదు. గడి నిండితేనే షరతు అతికించాలి, విలువను మాత్రం పారామీటర్‌గానే పంపాలి. అదీ సరిచేసింది.

ఖాళీ అంటే ‘అన్ని తేదీలూ’ అని ఏళ్లుగా వాదిస్తున్నాను. ఈసారి జిల్లా ఖమ్మం అని పెట్టి, తేదీలు వదిలేసి చూశాం. 1986 ఆగస్టు 16 నాటి 75.6 అడుగులు వచ్చాయి, 2022 రాలేదు. 2016 అక్టోబర్ 11 నుంచి భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది మరి. 1959కి ముందైతే తూర్పుగోదావరి. 2014లో కూనవరం, చింతూరు ఆంధ్రకు వెళ్లాయి, భద్రాచలం గుమ్మం పక్కనున్న ఎటపాకతో సహా. ఏ వరుసా తప్పు కాదు, రాసిన నాటి జిల్లా పేరే అందులో ఉంది. ఇక్కడ తేదీ చెప్పకుండా జిల్లా పేరు చెబితే అది ప్రశ్నే కాదు. నా వాదన ఈ సరిహద్దులో చెల్లదు: జిల్లా ఎంచుకుంటే తేదీ తప్పనిసరి, లేకపోతే ఫారం కదలకూడదు.

‘అన్నేళ్ల లెక్కా ఒకేసారి కావాలంటే?’ అనడిగింది.

‘జిల్లా గడి తీసెయ్యమ్మా. మట్టం కొలిచే స్టేషన్‌తో వెతుకు.’