టాపెట్లు తెల్లవారుజామున చూడాలి

టాపెట్లు కొడుతున్నాయని కంగారుగా బండిని షెడ్డుకి తీసుకెళ్ళేవాళ్ళు చాలామంది. చప్పుడేం లేదు కదా అని ఊరుకునేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది. నిజానికి జాగ్రత్త పడాల్సింది ఈ రెండోవాళ్ళే. టాపెట్ సందు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఖాళీ, పెరిగితే టిక్కుటిక్కుమని బయటికి వినిపిస్తుంది. వాల్వు కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా తెరుచుకుంటుంది, పికప్ కొద్దిగా తగ్గుతుంది. సందు తగ్గిపోతే మాత్రం ఇంజన్ ముద్దుగా, మెత్తగా నడుస్తూనే లోపల వాల్వును కాల్చేసుకుంటుంది.

ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు పక్కనుంచే మండిన వాయువంతా బయటికి పోతుంది కాబట్టి దాని తల విపరీతంగా కాగిపోతుంది. ఆ వేడి దిగడానికి పెద్ద దారి ఒకటే. వాల్వు మూసుకుని సీటుకి ఆనుకున్న ఆ కొద్దిసేపట్లో వేడి సీటులోకి, అక్కణ్ణుంచి హెడ్డులోకి, కూలెంటులోకి పోవాలి. సందు లేకపోతే, మూసుకోవాల్సిన వేళ కూడా రాకర్ దాన్ని వెంట్రుకవాసి నొక్కే ఉంచుతుంది. వాల్వు అంచు సీటుని తాకదు, వేడి దిగదు. అంచు మాడి, కంప్రెషన్ పోయి, చివరికి హెడ్డు దింపాల్సి వస్తుంది. గ్యాసు మీద నడిచే బండ్లలో సీట్లు త్వరగా అరుగుతాయి. సీటు అరిగినకొద్దీ వాల్వు పైకి జరిగి సందు తగ్గుతుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కార్లున్నవాళ్ళు చప్పుడు కోసం ఎదురుచూడకుండా కిలోమీటర్ల లెక్క ప్రకారం టాపెట్లు చూపించుకోవాలని గట్టిగా చెప్పేది ఇందుకే.

ఈ పని ఇంట్లో చేసుకోవాలా, షోరూమ్‌కి ఇవ్వాలా అనగానే అందరూ డబ్బు లెక్క వేస్తారు. ఫీలర్ గేజ్, రింగు స్పానర్, స్క్రూడ్రైవర్, కొత్త కవరు ప్యాకింగ్, ఇంతే సామాను కనుక ఇంట్లో చవకే. కానీ నా మటుకు అసలు లాభం అది కాదు. ఇంట్లో చేసుకునేవాడి దగ్గర పూర్తిగా చల్లారిన ఇంజన్ ఉంటుంది.

వేడికి లోహం పెరుగుతుంది, అదీ ముక్కముక్కకీ ఒక్కోలా పెరుగుతుంది. అల్యూమినియం హెడ్డు ఒకలా, ఉక్కు వాల్వు ఇంకోలా. అందుకే కంపెనీలు సందు కొలతతో పాటు అది ఎంత వేడిలో చూడాలో కూడా చెబుతాయి. హోండా 1.5 లీటర్ ఐ-వీటెక్ ఇంజన్లలో ఇన్‌టేక్ వైపు 0.15 నుంచి 0.19 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 0.26 నుంచి 0.30. హెడ్డు వేడి 38 డిగ్రీల లోపు ఉన్నప్పుడే ఈ కొలత చెల్లుతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గాలే 40 దాటుతుంది. అంటే ఎండాకాలంలో మనకి ఈ పనికి తెల్లవారుజాము ఒక్కటే అదును. సర్వీస్ సెంటరుకి బండి పొద్దున తొమ్మిదింటికో పదింటికో దారంతా నడుచుకుంటూ వస్తుంది, సాయంత్రానికి డెలివరీ ఇవ్వాలి. మంచి మెకానిక్ ఉన్నా రాత్రంతా చల్లారబెట్టే వీలు అతనికి ఎక్కడిది? ఆటోనగర్ మేస్త్రీకైనా ఇదే ఇబ్బంది. అనుభవంతో వేడి మీదే ఓ అందాజు వేసి బిగిస్తాడు. చాలాసార్లు సరిపోతుంది కూడా, కానీ ఆ కొలతని పుస్తకంలో కొలతతో పోల్చలేం.

అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నడిపినవాళ్ళకి ఇది బాగా తెలుసు. గాలితో చల్లబడే ఆ ఇంజన్‌కి సందు 0.15 మిల్లీమీటర్లు, అదీ పూర్తిగా చల్లారాకే చూడాలి. 1969లో జాన్ మ్యూర్ అనే ఇంజనీరు బీటిల్ యజమానుల కోసం, స్పానరు పట్టడం రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా ఒక రిపేరు పుస్తకం రాశాడు. వాల్వులు సెట్ చేసుకోవడం అందులో ముఖ్యమైన పని. ఒక తరం ఆ పుస్తకం పక్కన పెట్టుకుని ఇంటి ముందే ఈ పని నేర్చుకుంది.

మన దగ్గర ఈ విద్య అంబాసిడర్‌తో నడిచింది. పాత మోరిస్ వంశపు 1,489 సీసీ ఇంజన్ అది, ఎనిమిది వాల్వులు. టాక్సీ డ్రైవర్లే స్టాండులో కవరు విప్పి సెట్ చేసుకునేవారు. వాళ్ళ చేతిలో తొమ్మిది లెక్క ఉండేది. రేడియేటర్ వైపునుంచి వాల్వులకి ఒకటి నుంచి ఎనిమిది వరకు వరస పెట్టాలి. ఒకటోది పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి, మూడోది నొక్కుకుంటే ఆరోది. ఏ జత కలిపినా తొమ్మిది రావాలి. టైమింగ్ మార్కు వెతకాల్సిన పనిలేదు. క్యామ్ షాఫ్ట్ అమరికంతా ఒక్క కూడికలోకి దించిన ఈ లెక్కంటే నాకెంతో గౌరవం.

ఇప్పటి నాలుగు సిలిండర్ల బండికి మార్కు చూసే పద్ధతే నమ్మకం. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. ప్లగ్గులు విప్పితే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానరు వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే వైపే తిప్పాలి. మాన్యువల్ గేరు బండైతే టాప్ గేరులో వేసి మెల్లగా ముందుకి నెట్టినా సరే. టైమింగ్ మార్కు కలిసినప్పుడు ఒకటో సిలిండర్ పిస్టన్ పైకొచ్చి, దాని వాల్వులన్నీ మూసుకుని, రాకర్లు చేతికి వదులుగా ఆడాలి. ఒకటో సిలిండర్ అయ్యాక అరచుట్టు తిప్పితే మూడోది, ఇంకో అరచుట్టుకి నాలుగోది, ఆ తర్వాత రెండోది. హెడ్డులో ఆయిల్ దిగే కన్నాల మీద శుభ్రమైన గుడ్డ కప్పడం మరవొద్దు. చిన్న నట్టు అందులో పడితే వెతకడానికి ఒక పూట పోతుంది.

అసలు పనితనమంతా ఫీలర్ గేజ్ రేకు పట్టుకున్న రెండు వేళ్ళలో ఉంది. రేకుకి కాస్త ఆయిల్ రాసి సందులోకి పోనివ్వాలి. లావుపాటి పుస్తకం పేజీల మధ్యనుంచి పాత ఉత్తరం లాగినట్టు, మెత్తగా పట్టుకుని వదలాలి. జారిపోతే వదులు, వంగితే బిగువు. అనుమానం వస్తే ఒక సైజు పెద్ద రేకు పెట్టి చూడాలి, అది దూరకూడదు. కొత్తవాళ్ళు తడబడేది లాక్ నట్టు దగ్గర. స్క్రూడ్రైవరుతో స్క్రూని కదలకుండా పట్టుకుని నట్టు బిగించినా, బిగింపులో స్క్రూ కాస్త లాగుకుంటుంది, సందు మారిపోతుంది. కనుక బిగించాక మళ్ళీ రేకు పెట్టి చూడాల్సిందే. తేడా వస్తే విప్పి మళ్ళీ మొదటికి రావాలి. ఒక వాల్వుకి ఇలా మూడు నాలుగు సార్లు పట్టొచ్చు. గంటకింత అని లేబర్ లెక్క కట్టే చోట ఈ ఓపిక దొరకడం కష్టం. పాత ఇంజన్లలో ఇంకో చిక్కుంది. రాకర్ మూతి గుంట పడి ఉంటే రేకు ఆ గుంట మీదుగా పోతుంది తప్ప లోపలికి దిగదు. రేకు సరిగ్గానే పట్టినా అసలు సందు ఎక్కువే ఉంటుంది, చప్పుడు తగ్గదు. అలాంటప్పుడు రాకర్ మార్చాలి.

అన్ని బండ్లకీ ఇది పనికిరాదు. హైడ్రాలిక్ టాపెట్లుంటే ఆయిల్ ఒత్తిడే సందు చూసుకుంటుంది. బకెట్ టాపెట్లున్న ఇంజన్లలో స్క్రూ ఉండదు, సరైన మందం ఉన్న షిమ్మో బకెట్టో మార్చాలి. చాలా ఇంజన్లలో దానికి క్యామ్ షాఫ్టులు దించి, టైమింగ్ మళ్ళీ కలపాలి. అక్కడ షోరూమ్‌కి డబ్బివ్వడమే తెలివైన పని. వారంటీలో ఉన్న బండి జోలికి కూడా పోవద్దు. ఇచ్చేటప్పుడు మాత్రం ముందురోజు సాయంత్రమే బండి అప్పజెప్పి, పొద్దున్నే చూడమని జాబ్ కార్డు మీద రాయించండి. సెట్ చేయకముందు ఏ వాల్వు ఎంత ఉంది, తర్వాత ఎంత పెట్టారు, ఆ అంకెలు కాగితం మీద అడిగి తీసుకోండి. "టాపెట్ చెకింగ్" అని బిల్లులో ఒక్క ముక్క రాసిస్తే దానివల్ల మీకు తెలిసేదేమీ లేదు.

ఇంట్లో చేసేవాళ్ళూ స్క్రూ ముట్టుకోకముందే ఉన్న సందులన్నీ కొలిచి, మీటరు రీడింగ్‌తో సహా నోట్‌బుక్కులో ఎక్కించాలి. మళ్ళీ టాపెట్లు విప్పినప్పుడు ఆ పేజీ పక్కన పెట్టుకుని చూస్తే ఇంజన్ సంగతి తెలుస్తుంది. అన్నీ ఒకేలా కొద్దికొద్దిగా మారితే అది మామూలు అరుగుదల. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ ఒక్కటే ప్రతిసారీ బిగుస్తూ వస్తుంటే, ఆ వాల్వు సీటులోకి దిగిపోతోందని అర్థం. ఎన్నిసార్లు సెట్ చేసినా అది ఆగదు. కంప్రెషన్ ఇంకా బాగున్నప్పుడే హెడ్డు దింపి సీటు చేయిస్తే, వాల్వు మాడకముందే పని అయిపోతుంది.