పుట్టని వారసుడు, బతికున్న కొడుకు: ‘సంపత్తి సమర్పణ’ కథకు ఒక న్యాయ నేపథ్యం

ఉపోద్ఘాతం

రవీంద్రనాథ్ ఠాగూర్ వంశ ప్రస్తావన సాధారణంగా ద్వారకానాథ్, దేవేంద్రనాథ్‌ల దగ్గర ఆగిపోతుంది. జొరాసాంకో శాఖకు జ్ఞాతులైన పథూరియాఘాటా శాఖలో రవీంద్రునికి పినతండ్రి వరుసైన జ్ఞానేంద్రమోహన్ ఠాగూర్‌ను సాహిత్య విమర్శ అంతగా పట్టించుకోలేదు. న్యాయశాస్త్ర విద్యార్థులకు మాత్రం ఆయన దావా సుపరిచితం. ఆ దావాలోని ప్రధాన ప్రశ్నను దృష్టిలో ఉంచుకొని ‘సంపత్తి సమర్పణ’ కథను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దావా స్వరూపం

జ్ఞానేంద్రమోహన్ 1851లో క్రైస్తవం స్వీకరించాడు. 1850 నాటి చట్టం ప్రకారం మతం మారినంత మాత్రాన వారసత్వపు హక్కు పోదు. అందువల్ల తండ్రి ప్రసన్నకుమార్ వీలునామాను ఆశ్రయించాడు. బెంగాల్‌లో అమలులో ఉన్న దాయభాగం తండ్రికి ఆ స్వేచ్ఛ నిచ్చింది. కొడుకును తప్పించి, ఆస్తిని అన్న కుమారుడైన జతీంద్రమోహన్‌కు జీవితకాలం అనుభవించేలా, ఆపైన పుట్టబోయే మగ సంతతికి తరతరాలుగా చెందేలా ఏర్పాటు చేశాడు. 1872లో ప్రీవీ కౌన్సిల్ జతీంద్రమోహన్ జీవితకాలపు హక్కును నిలబెట్టింది. వీలునామా కర్త మరణించేనాటికి ఉనికిలో లేని వ్యక్తికి దానం చెల్లదని తేల్చింది. కొడుకుకు ఇవ్వనని రాయడం చాలదు, మరొకరికి చెల్లుబాటయ్యేలా ఇవ్వాలి. ఇవ్వలేకపోయిన భాగం తిరిగి సహజ వారసుడికే చేరుతుంది.

కథలో అదే చిక్కు

‘సంపత్తి సమర్పణ’లో యజ్ఞనాథుడు పరమ లోభి. ఖరీదైన మందు కొననందువల్ల కోడలు మరణిస్తుంది. కొడుకు బృందావనుడు పసివాడైన గోకులుణ్ణి తీసుకొని ఇల్లు విడుస్తాడు. ఏళ్ల తరువాత ఊరికి వచ్చిన ఒక అనాథలాంటి బాలుణ్ణి వృద్ధుడు చేరదీస్తాడు. చివరకు వాణ్ణి ధనంతో పాటు నేలమాళిగలో సజీవంగా మూసివేస్తాడు. మన లంకెబిందెల కథల్లో కాపలా భూతం వంటి యక్షుడిగా వాణ్ణి నిలిపి, గోకులునికో, అతని కొడుకుకో, మనుమడికో ధనాన్ని అప్పగించాలని మాట తీసుకుంటాడు. ఆ బాలుడే గోకులుడు.

ఈ ప్రమాణంలోని భాష గమనార్హం. అది పూజామంత్రపు రూపంలో ఉన్న వీలునామా. పుట్టని తరాల పేర కట్టిన కాపలాకు కళ్లెదుట ఉన్న వారసుడు బలి అవుతాడు. లోభత్వాన్ని గర్హించే నీతికథగా మాత్రమే చదివితే ఈ అంశం మరుగున పడుతుంది. యజ్ఞనాథుడు ధనాన్ని ప్రేమించినంతగా వంశాన్నీ ప్రేమిస్తున్నానని నమ్మాడు. అతనికి పట్టనిది వంశం కాదు, వ్యక్తి.

పరిమితి, ముగింపు

దావాయే కథకు మూలమని చెప్పడానికి ఆధారం లేదు. ప్రసన్నకుమార్ యజ్ఞనాథుడూ కాడు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది చనిపోయాక కూడా ఆస్తిపై పట్టు నిలుపుకోవాలన్న కోరిక మాత్రమే. తెలుగు పాఠకుడు ఇక్కడ మరొక భేదాన్ని గుర్తించాలి. మన ప్రాంతాల్లో అనుసరించిన మితాక్షర ప్రకారం పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు ఏర్పడుతుంది. దాయభాగంలో తండ్రి బతికుండగా కొడుకుకు అలాంటి హక్కు లేదు. ఇల్లు విడిచిన బృందావనుడి నిస్సహాయతను ఈ భేదం తెలిసి చదవాలి. న్యాయస్థానం బతికున్న కొడుకు హక్కును కొంత మేరకైనా తిరిగి గుర్తించగలిగింది. కథలో ఆ అవకాశం లేదు. బృందావనుడు వెతుక్కుంటూ వచ్చేసరికి నేలమాళిగ మూతపడింది.