పూల్ రమ్మీ తెలిసినవాళ్లకు పోకర్ టోర్నమెంట్

పదమూడు ముక్కల రమ్మీని ఎక్కువగా రెండు పద్ధతుల్లో ఆడతారు. మొదటిది పాయింట్ల ఆట. ప్రతి పంపకానికీ లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది, ఎవరు ఎప్పుడు లేచినా అడిగేవాళ్లుండరు. రెండోది పూల్. అందరూ ముందే సమానంగా డబ్బు వేసి కూర్చుంటారు. ఓడిన ఆటలకు పాయింట్లు నెత్తిమీద పడుతుంటాయి. అవి 101కో, ముందే అనుకున్నదాన్ని బట్టి 201కో చేరినవాడు ఔటు. చివరిదాకా మిగిలినవాడు మొత్తం తీసుకుంటాడు. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు పేక పట్టినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. పోకర్ టోర్నమెంటును అర్థం చేసుకోడానికి ఇంతకంటే దగ్గరి దారీ లేదు.

పూల్‌లో అసలు కిటుకు డ్రాపు దగ్గర ఉంది. ఎవరైనా షో చెప్పేసరికి చేతిలో జోకరు లేని సీక్వెన్సు ఒక్కటైనా లేకపోతే ముక్కలన్నీ లెక్కకొస్తాయి. ఆసు, రాజు, రాణి, జాకీ తలా పది. లెక్క ఎంతకు పోయినా 80 దగ్గర ఆపుతారు. 101 పూల్‌లో ఒక్క ఫుల్ కౌంటు తగిలితే సగం ప్రాణం పోయినట్టే. అందుకే ముక్కలు బాగా లేకపోతే మొదట్లోనే పడేసే వెసులుబాటు ఇచ్చారు. 101లో దానికి 20 పాయింట్లు, 201లో 25. కొంత ఆడాక మధ్యలో పడేస్తే 40, 50.

ఈ అంకెలు ఆషామాషీగా పెట్టినవి కావు. 201లో ఒకడు ఒక్క ముక్కా లాగకుండా ఎనిమిది పంపకాలు పడేస్తూ పోవచ్చు, 200 దగ్గర ఆగుతాడు. తొమ్మిదోసారి పడేస్తే ఔటు. 101లో ఆ వెసులుబాటు ఐదు పంపకాలే. అంటే దాక్కోవచ్చు, కాని దాక్కున్నందుకూ అద్దె కట్టాలి. 201లో 175 దాటినవాడికి డ్రాపు కూడా లేదు, ఎంత చెత్త ముక్కలొచ్చినా ఆడి తీరాలి. ఎదుటివాళ్లు అతని పాయింట్లు చూసే తమ ఆట మార్చుకుంటారు.

ఔటైనవాడు మళ్లీ డబ్బు కట్టి చేరే నియమంలోనూ ఇదే లెక్క ఉంది. 201లో మిగతావాళ్లలో ఎవరికీ 174కు మించి లేనప్పుడే చేరనిస్తారు. ఉన్నవాళ్లలో అందరికంటే ఎక్కువ పాయింట్లకు ఒకటి కలిపి అతనికి రాస్తారు. అందరికంటే హీనంగా 175తో చేరినా అతనికి ఒక్క డ్రాపు మిగులుతుంది. 101లో ఆ హద్దు 79. అక్కడ 80తో చేరినవాడికీ సరిగ్గా ఒక్క డ్రాపే. డబ్బు కట్టినవాడికి చోటు దొరుకుతుందే తప్ప ఆధిక్యం దొరకదు. పేకాట నియమాల్లో ఇంత ముచ్చటైనది అరుదు.

పోకర్‌లో ఎక్కువ టోర్నమెంట్లు టెక్సస్ హోల్డెమ్ పద్ధతిలో నడుస్తాయి. ఒక్కొక్కరికీ రెండు రహస్య ముక్కలు, బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు. ఆ ఏడింటిలోంచి మంచి ఐదు ముక్కల చేయి కట్టాలి. నాలుగు విడతలు పందెం సాగుతుంది. ప్రవేశ రుసుములో కొంత నిర్వాహకులకు పోగా మిగిలింది బహుమతుల నిధిలో చేరుతుంది. బదులుగా అందరికీ ఒకే లెక్కన చిప్స్ ఇస్తారు. ఇవి డబ్బు కాదు. మధ్యలో లేచి వీటిని మార్చుకుంటానంటే కుదరదు. మామూలు పోకర్ బల్లకూ టోర్నమెంటుకూ తేడా అంతా ఇక్కడే ఉంది.

రమ్మీలో డ్రాపు చేసే పనిని పోకర్‌లో బ్లైండ్లు చేస్తాయి. పంచేవాడి ఎడమవైపు ఉన్న ఇద్దరు ముక్కలు చూడకముందే చిన్న బ్లైండు, పెద్ద బ్లైండు వేయాలి. ఆ వంతు బల్ల చుట్టూ తిరుగుతుంది. గడియారం ప్రకారం ఈ మొత్తాలు పెరుగుతాయి. 10,000 చిప్స్‌తో మొదలైనవాడికి 50, 100 బ్లైండ్లున్నప్పుడు ఒక చుట్టు ఖర్చు 150. కొన్ని గంటలకు అవి 500, 1,000 అయితే అదే చుట్టు 1,500. చేతిలో చిప్స్ తగ్గకపోయినా అతను పేదవాడైపోతాడు. పెద్ద బ్లైండుకు పది రెట్ల లోపుకి వచ్చాక నేర్పుకి చోటు తక్కువ, ఉన్నదంతా ముందుకు తోయడమో ముక్కలు పడేయడమో మిగులుతుంది. పూల్‌లో ఔటయ్యే గీత కదలదు, పోకర్‌లో అదే మీదికి నడిచి వస్తుంది. డబ్బు కట్టి మళ్లీ చేరేవాడికి మొదటి రోజు ఇచ్చినన్ని చిప్స్ ఇస్తారు. ఆ పాటికి వాటి విలువ కరిగిపోయినా, మన 'ఒకటి కలిపే' నియమంతో పోలిస్తే ఇది జేబు బరువున్నవాడి పక్షమే.

బల్లకు తొమ్మిదిమంది చొప్పున కూర్చుంటారు. జనం తగ్గేకొద్దీ బల్లలు ఎత్తేస్తూ మిగిలినవాళ్లను సర్దుతారు. ఆఖరి తొమ్మిదిమంది బల్లే ఫైనల్ టేబుల్.

బహుమతి ఒక్కడికే కాదు. లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో సుమారు 15 శాతం మందికి ఎంతో కొంత ముడుతుంది, పెద్ద వాటా పైవాళ్లది. ఆ డబ్బు గీతకు ఒక్క అడుగు ముందున్న దశను బబుల్ అంటారు. అప్పుడు అన్ని బల్లల మీదా ఒక్కో పంపకం ఒకేసారి నడిపిస్తారు, లేకపోతే పక్క బల్ల మీద ఎవరు పోతారా అని తాత్సారం చేస్తారు. చిప్స్ రెట్టింపయితే రాబోయే బహుమతి రెట్టింపు కాదు, చిప్స్ పోతే మాత్రం అంతా పోతుంది. కాబట్టి మామూలు బల్ల మీద సంతోషంగా ఆడే చేతిని ఇక్కడ పడేయడమే సరైన ఆట కావచ్చు. చిప్స్ ఎక్కువున్నవాడు ఈ భయం మీదే బతుకుతాడు, ప్రతి పంపకంలోనూ పందెం పెంచి తక్కువున్నవాళ్లను తరుముతాడు.

ఆ వెగాస్ పోటీ 1970లో బెన్నీ బినియన్ హార్స్‌షూ క్యాసినోలో మొదలైంది. మొదటి ఏడాది విజేత జానీ మాస్‌ను ఆటగాళ్లు ఓట్లేసి ఎన్నుకున్నారు! చిప్స్ అయిపోతే ఔటనే పద్ధతి మరుసటి ఏడు వచ్చింది, అప్పుడూ మాసే గెలిచాడు. 2003లో ఆన్‌లైన్ అర్హత పోటీ నుంచి వచ్చిన క్రిస్ మనీమేకర్ 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు తీసుకున్నాడు. 2006కల్లా పోటీదారులు 8,773 అయ్యారు.

చట్టం ముందు ఈ రెండు ఆటల దారులు వేరు. 1963లో సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కనుక రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట అని కోర్టు 1967లో తేల్చింది. మూడు ముక్కలాటను అదృష్టం కింద విడిగా పెట్టింది. క్లబ్బు ఆట మీద లాభం చేసుకుంటే నేరమవుతుందనీ చెప్పింది. జిల్లా పేజీల్లో కనిపించే 'పేకాట శిబిరంపై దాడి' వార్తల్లో ఈ తేడా సాధారణంగా కనిపించదు. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన నడిచే గుండాటకైతే నేర్పు వాదనే లేదు. పోకర్‌కు రమ్మీకి దొరికినంత స్పష్టమైన సుప్రీంకోర్టు తీర్పు అండ లేదు.

ఆంధ్రప్రదేశ్ తన 1974 జూదాల చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటికీ నిషిద్ధం చేసింది. గోవాలో మాత్రం నౌకల మీదా పెద్ద హోటళ్లలోనూ క్యాసినోలకు రాష్ట్ర చట్టమే అనుమతిస్తోంది. మాండవి నదిలోని డెల్టిన్ రాయల్ నౌక మీద 2017లో వరల్డ్ పోకర్ టూర్ పోటీ కూడా జరిగింది.