సికిల్ సెల్ పరిభాష: ‘వ్యక్తీకరణ’, ‘లక్షణం’, ‘వాహకుడు’ - ఒక విమర్శ

కీలకపదాలు: సికిల్ సెల్, జన్యువు, పరిభాష, అభివ్యక్తి, వాహకుడు.

1. ఉపోద్ఘాతం

2023 జులై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం 2047 నాటికి సికిల్ సెల్ అనీమియా నిర్మూలనను లక్ష్యంగా పెట్టుకొంది. అది అమలవుతున్న 17 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జంగారెడ్డిగూడేనికి చేరువలోని బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల కోయ, కొండరెడ్డి కుటుంబాలకు రక్తపరీక్ష ఫలితాన్ని వివరించవలసింది ప్రధానంగా తెలుగులోనే. ఆ తెలుగు మాటలు శాస్త్రార్థాన్ని ఎంతవరకు నిలుపుతున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వ్యక్తీకరణ

బీటా గ్లోబిన్‌కు ఆధారమైన హెచ్.బి.బి. జన్యువు 11వ క్రోమోజోముపై ఉంటుంది. కేంద్రకమున్న కణాలన్నింటిలోనూ ఇది ఉన్నా, ఎముక మజ్జలో ఎర్రరక్తకణాలుగా రూపొందే కణాలలోనే ప్రధానంగా పనిచేస్తుంది. దీనినే జన్యు ‘వ్యక్తీకరణ’ అంటున్నాం. ఆ మాటలో ఒక కర్త బుద్ధిపూర్వకంగా తెలపడమనే అర్థం తోస్తుంది. రసచర్చలో అభినవగుప్తుడు చెప్పిన ‘అభివ్యక్తి’ ఇంతకంటే దగ్గరిది. లోపల ఉన్నదే తగిన సామగ్రి కూడినప్పుడు వెల్లడి కావడం దాని భావం. పిండదశ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్న తొలి నెలల్లో శిశువుకు జబ్బు బయటపడకపోవడాన్ని కూడా ఈ మాటతో వివరించవచ్చు. పోలిక అంతవరకే, రసం ఆస్వాదం, ఇక్కడిది ప్రోటీన్ తయారీ.

3. లక్షణం, వాహకుడు

ఈ జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల ప్రోటీన్ ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరుతుంది. రెండు ప్రతులూ ఇలా మారితే సికిల్ సెల్ అనీమియా వస్తుంది. ఒకటి మారి రెండోది మామూలుగా ఉంటే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. ఈ స్థితిని ‘సికిల్ సెల్ లక్షణం’ అంటే చిక్కు మొదలవుతుంది. జ్వరం, నొప్పి వంటి రోగచిహ్నాలు కూడా తెలుగులో ‘లక్షణాలే’. కనుక ‘లక్షణం ఉంది’ అన్న మాట ‘జబ్బు మొదలైంది’ అని వినిపిస్తుంది.

‘వాహకుడు’ అన్నా ఇబ్బందే. మలేరియా పాఠంలో దోమ ‘వాహకం’. మలేరియా తెలిసిన మన్యంలో ఈ మాట అంటువ్యాధిని స్ఫురింపజేస్తుంది. నిజానికి ఒక ప్రతి మారినవారికి తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఎ.సి. ఆలిసన్ చూపాడు. అటువంటి వారినీ దోమనూ ఒకే మాటతో పిలవడం శాస్త్రానికే విరుద్ధం. పెళ్లిచూపుల వేళ ఆ మాట ఒక అమ్మాయికి కళంకంగా మిగిలే ప్రమాదముంది.

4. ముగింపు

‘ఒక ప్రతిలో మార్పు ఉన్నవారు’ అనడం పొడవైనా నిర్దుష్టం. అలాగే దంపతులిద్దరిలో ఒక్కో ప్రతి మారి ఉంటే ‘నలుగురు పిల్లల్లో ఒకరికి’ అనకుండా, ‘ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం’ అనాలి. మొదటి వాక్యం విన్నవారు, ఒక బిడ్డకు జబ్బు వస్తే మిగిలిన ముగ్గురూ క్షేమమని పొరబడతారు. పారిభాషిక పదాన్ని ఎంచుకొనేటప్పుడు నిఘంటువుతోపాటు వినేవారి చెవిని కూడా ప్రమాణంగా తీసుకోవాలి.