బుడగల బండి గన్ను, పోటీల గన్ను

మా రాచర్ల వైపు తిరునాళ్లలో బుడగల బండి దగ్గర ఎయిర్ గన్ పట్టని కుర్రాడు ఉండడు. ఒకసారి ఆరు గుళ్లు కాల్చి ఒక్క బుడగా పగలగొట్టలేకపోయాను. బండాయన గన్ను మడిచి గుండు పెడుతుంటే చూశాను. ఒకటి గొట్టంలోకి ఇట్టే జారిపోయింది. ఇంకోటి బొటనవేలితో అదిమితే గానీ దిగలేదు. రెండూ ఒకే డబ్బాలోవి!

దొరికిందిరా సాకు అనుకున్నాను గానీ, అది సాకే. జానెడు బుడగ నాలుగు బారల దూరంలో ఉంటే గుండు వదులో బిగువో పెద్ద లెక్కలోకి రాదు. గురి చూసే ముల్లు పక్కకు వంగి ఉంది, గొట్టం మడత దగ్గర ఊగుతోంది. అక్కడ గుండు సైజు మాట ఎత్తితే మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినట్టే.

అదే సైజు పోటీ గన్ను దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పాయింట్లను దశాంశాల్లో లెక్కిస్తే 10.9కీ 10.8కీ మధ్య తేడా పావు మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ 701.1తో కాంస్యం తెచ్చాడు. రజతం వచ్చినతనిది 701.5.

గొట్టం లోపల మరచుట్టులా గాడులుంటాయి. సీసం గుండు తల వాటిని సమంగా పట్టుకుని తిరగాలి. వెనక పావడాలా విప్పారిన పలుచని అంచు గాలి ఒత్తిడికి ఉబ్బి సందు మూస్తుంది. తల వదులైతే గుండు గొట్టంలో వాలుతుంది. మరీ బిగువైతే పెట్టేటప్పుడే అంచు నలుగుతుంది. అందుకే 4.5 మిల్లీమీటర్లు అని పిలిచే గుళ్లలోనే తల వెడల్పును బట్టి 4.49, 4.50, 4.51 అని వేరు డబ్బాలు అమ్ముతారు. తేడా మిల్లీమీటరులో నూరో వంతు, వెంట్రుక మందం కన్నా తక్కువ.

కొత్తగా నేర్చుకునేవాళ్ల పొరపాటు ఇక్కడే. ఎవరో మెడల్ కొట్టినవాళ్లు 4.50 వాడారని అదే కొంటారు. ఆ గొట్టం వేరు, మన గొట్టం వేరు. ఒకే కంపెనీ ఒకే మోడల్ గన్నులు రెండు తీసుకున్నా గొట్టాలు అచ్చంగా ఒకటి కావు. ఈ విషయంలో డబ్బా మీది అంకెను నమ్మేవాడి కంటే బుడగల బండాయన బొటనవేలే మేలు. కనీసం గొట్టాన్ని అడుగుతుంది. అయితే వేలు వదులూ బిగువూ చెబుతుందే గానీ, గుళ్లు ఒకచోట పడతాయో లేదో చెప్పలేదు.

అది చెప్పేది కాగితమే. ఒకే రకం గుళ్లు మూడు సైజుల్లో ఒక్కో డబ్బా తీసుకోండి. గన్నును బల్లకు కదలకుండా బిగించి, సైజుకు పదేసి చొప్పున కొత్త కాగితం మీద కాల్చండి. రంధ్రాలన్నీ కలిసి ఏ కాగితం మీద చిన్నగా ఉంటే ఆ డబ్బా మీది. కాగితం వెనక సైజు రాసుకోవడం మాత్రం మరిచిపోకండి.