సూదికి ముందు బొమ్మ

సూరత్ లింబాయత్‌లో మరమగ్గాల మీద బతికే మన పద్మశాలీల ఇళ్లలో పిల్లాడికి జ్వరం ముదిరితే స్మిమేర్ ఆసుపత్రికో, సివిల్ ఆసుపత్రికో పరుగెడతారు. అక్కడ వినబడేది గుజరాతీ, హిందీ. వాడు ఏడ్చేది తెలుగులో.

అలాంటి పిల్లల పక్కన కూర్చునే వృత్తి ఒకటుంది, చైల్డ్ లైఫ్. దానిమీద నాకు ఎనలేని గౌరవం. ముందు బొమ్మ చేతికి సెలైన్ పెట్టి చూపిస్తారు, తర్వాత పిల్లాడి చేతే పెట్టిస్తారు. వాణ్ణి పడుకోబెట్టి అదిమిపట్టరు. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి ఏ చెయ్యి ఇస్తావని అడుగుతారు. సబ్బు బుడగలు ఊదిస్తారు. ‘నొప్పే ఉండదు’ అని మాత్రం అబద్ధమాడరు. ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పాఠం అదేనేమో.

మాంటిస్సోరి పద్ధతిలో శిక్షణ పొందిన వియన్నా మనిషి ఎమ్మా ప్లాంక్ 1955లో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో దీన్నొక విభాగంగా నిలబెట్టారు. అమెరికాలో ఇప్పుడు దీనికి డిగ్రీ, 600 గంటల ఇంటర్న్‌షిప్, పరీక్ష ఉన్నాయి. గుజరాత్‌కూ ఆ మాంటిస్సోరి దారి కొత్త కాదు: భావ్‌నగర్‌లో గిజూభాయి బధేకా 1920లోనే బాలమందిర్ తెరిచి, బెత్తం లేని చదువు చెప్పారు.

లింబాయత్‌లో పెరిగి మూడు భాషలూ వచ్చిన అమ్మాయి ఎవరైనా ఈ చదువు చదివి, పిల్లల వార్డుకు బొమ్మల సంచీతో రావాలని నా కోరిక.