పంటు మీద కలిసే జనం

జబ్బు ఎలా పాకుతుందో బందరు డిగ్రీ పిల్లలకు చెప్పేటప్పుడు బోర్డు మీద ముందు మూడు గళ్ళు గీస్తాను. ఇంకా సోకనివాళ్ళు, సోకినవాళ్ళు, కోలుకున్నవాళ్ళు. మొదటి గడిలోంచి రెండో గడిలోకి రోజుకు ఎందరు పడతారో తేలాలంటే ఆ రెండు గళ్ళలోని జనాన్ని హెచ్చవేసి, జబ్బు అంటుకునే వేగంతో గుణించాలి. ఎడింబరోలో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు 1927లో ప్రకటించిన సమీకరణాల సారం ఇంతే. 1905-06లో బొంబాయి ప్లేగు మరణాలతో వాళ్ళు తమ లెక్కను సరిచూసుకున్నారు.

మెకెండ్రిక్‌ను ఈ దారి పట్టించింది రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినాయన. మనకు ఆయన మైక్రోస్కోపు తెలుసు, ఆయన లెక్క తెలియదు. మలేరియా పోవాలంటే దోమలన్నీ చావాలా? అక్కర్లేదు, ఒక హద్దుకు దిగువన ఉంచితే చాలు, జబ్బు తనంతట తనే సన్నగిల్లుతుందని కాగితం మీద తేల్చాడు. కాలవలు, బోదెలు, చెరువుల మధ్య బతికే మనకు ఇంతకంటే ధైర్యమిచ్చే మాట ఏముంది! టీకాకూ ఇదే సూత్రం. ఒకరి నుంచి ముగ్గురికి సోకే జబ్బయితే, ప్రతి ముగ్గురిలో ఇద్దరికి రక్షణ ఉంటే అది ఇక పెరగలేదు.

కోవిడ్ రోజుల్లో అందరూ అడిగింది మాత్రం తేదీ. ఎప్పుడు తగ్గుతుంది? 2020లో కోవిడ్ పోకడను లెక్కగట్టే మోడల్ కోసం కేంద్రం వేసిన కమిటీకి ఐఐటీ హైదరాబాద్ ఆచార్యుడు, గుంటూరులో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్ అధ్యక్షత వహించారు. తొలి అల సెప్టెంబరులోనే శిఖరం దాటిందని ఆ అక్టోబరులో చెప్పారు, నిజమే. 2021లో రెండో అల ఎంత ఎత్తున లేస్తుందో మాత్రం వాళ్ళ మోడల్‌కు అందలేదు. దాంతో మోడళ్ళన్నీ దండగ అన్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. వైరస్ మారితే అంటుకునే వేగం మారుతుంది, పాత వేగంతో కట్టిన తేదీ చెల్లదు. మోడల్‌ను అడగాల్సింది, మనం ఫలానా పని చేస్తే ఏం మారుతుందని.

అయితే ఆ మూడు గళ్ళ సమీకరణంలో ఒక ఊహ ఉంది. ఊళ్ళో ఎవరైనా ఎవరినైనా ఒకేలా కలుస్తారని. అక్కడికి రాగానే పాఠం ఆపి, నిన్న ఎవరెవరిని కలిశారో రాయమంటాను. గుడివాడ నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయికి కాగితం చాలదు. సెలవులకు ఎదురుమొండి దీవికి, జనాన్ని ఏరు దాటించే పంటు మీద వెళ్ళొచ్చిన కుర్రాడు నాలుగు పేర్లు రాసి, “ఇంటి దగ్గర వీళ్ళే సార్. పంటు మీద మాత్రం ఊరంతా కలుస్తాం” అన్నాడు.

ఆ రోజు లెక్క అతనిచేతే చేయించాను. పంటు మీద 60 మంది ఎక్కితే, ఇద్దరిద్దరు చొప్పున కలిసే జతలు 1,770. అదే జనాన్ని 30 మంది చొప్పున రెండు సార్లు దాటిస్తే జతలు 870. ఎవరి ప్రయాణమూ ఆగలేదు, కలయికలు సగానికి పైగా తగ్గాయి. ఊడ్పులకు వెళ్ళే కూలీల ఆటోకూ ఈ లెక్కే.

అందుకే ఆరోగ్య శాఖవాళ్ళను ఒకటి కోరుతున్నాను. ఏ ఊళ్ళో జనం ఎక్కడ, ఏ వేళకు గుమిగూడతారో అక్కడి ఆశా కార్యకర్తకు బాగా తెలుసు. జబ్బు పాకని రోజుల్లోనే ఆమెను అడిగి రాసిపెట్టుకోండి. సమీకరణాలు కట్టేవాళ్ళు మా కాలేజీల్లోనే దొరుకుతారు.